తేరిన నీళ్ళు

గంగాళంలో నీళ్ళు రెండోసారి పొంగుకొచ్చాక బట్టల బాబాయి పొయ్యి ఆర్పేసి, పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. నీళ్ళు తేరుకునేంతసేపు ఆయన కదలడు. కాస్త గట్టిగా దగ్గినా అడుగుకి దిగుతున్న తెల్లటి మడ్డి మళ్ళీ పైకి లేస్తుందని ఆయన నమ్మకం. దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుంటాడు. ఈమధ్య అలా కుక్కుకోవలసిన అవసరం ఎక్కువైంది.

ఆ ఇంట్లో ఉన్నది బోరు నీళ్ళు. నోట్లో పోసుకుంటే నాలుక మీద సున్నం రాసినట్టుంటాయి. కుళాయి మూతికి తెల్లగా గార కట్టి, ధార ఒక పక్కకి తిరిగిపోయింది. ఆ నీళ్ళతో తలస్నానం చేస్తే జుట్టు చీపురవుతుంది. సబ్బు కలిపితే నురగ రాదు సరికదా, విరిగిన పాలలా తరకలు తేలతాయి. ఆ తరకలు బట్టల పోగుల్లో దూరి కూర్చుంటాయి. నాలుగు ఉతుకులు తిరిగేసరికి తెల్లచొక్కా బూడిదరంగుకి దిగిపోతుంది, తువ్వాలు ఒంటిని గీరుతుంది, ఇంట్లోవాళ్ళు బట్టల బాబాయిని తిడతారు. నీళ్ళని తిట్టి ఏం లాభం? అవి తల వంచుకుని నిలబడవు కదా.

తిట్లు తినీ తినీ ఆయన ఒక పద్ధతి పట్టాడు. నీళ్ళు కాచాలి, తేర్చాలి, పైనీళ్ళు మాత్రం చెంబుతో మెల్లగా వంచుకోవాలి. ముందు బట్టల సోడా వేయాలి. సోడా, సున్నం తమలో తాము దెబ్బలాడుకుని అలిసిపోయేదాకా ఆగాలి. ఆ తరువాతే సబ్బు. తొందరపడి ముందే సబ్బు వేస్తే అదంతా సున్నానికే ఖర్చయిపోతుంది, మురికి దాకా చేరదు. జాడించేటప్పుడు బట్టని రెండు వేళ్ళ మధ్య పట్టి రుద్ది చూడాలి. జారితే ఇంకా సబ్బుందని లెక్క, కీచుమంటే పోయిందని లెక్క. చివరి జాడింపులో చెంచాడు వెనిగర్. ఆరేసే ముందు దులపాలి, భుజం గూడు జారుతుందేమో అనిపించేలా దులపాలి. ఆ నీళ్ళలో తడిసి దులపకుండా ఆరిన బట్ట అట్టముక్కే.

ఇంత చేసినా మామూలు ఇంటి బట్టల్లా వచ్చేవి కావు. కాస్త తక్కువ గరుగ్గా వచ్చేవి, అంతే. ఆ కాస్త కోసమే ఆయన జీవితం ఖర్చయింది.

నలభై ఏళ్ళ కిందట ఉద్యోగం వెతుక్కుంటూ ఈ ఇంటికి వచ్చాడు. పెదనాన్న కొడుకు ఇల్లు. నాలుగు రోజులుండి పోదామనుకున్నాడు. మొదటిరోజు పొద్దున్న పెరట్లో బండ దగ్గర తన చొక్కా ఉతుక్కుంటుంటే వదిన వచ్చి, "ఎలాగూ చెయ్యి తడిసింది కదా మరిదీ, ఈ రెండూ కూడా జాడించెయ్" అని మరో రెండు చొక్కాలు బండ మీద పడేసింది. ఆ తడిసిన చెయ్యి మళ్ళీ ఆరలేదు. ఉద్యోగం కోసం బయల్దేరిన ప్రతిరోజూ ఏవో బట్టలు నానబెట్టి ఉండేవి. నానిన బట్టని వదిలి వెళ్తే వాసన పట్టదూ? అవి పిండి ఆరేసేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది, ఏ ఆఫీసులోనూ ఆ వేళకి కొత్తమనిషి మొహం చూడరు.

జీతం ఇస్తే పనివాడి కింద జమకట్టినట్టుంటుందని అన్నయ్య మొహమాటపడ్డాడు. పక్కన కూర్చోబెట్టి భోజనం పెడితే చుట్టం కింద జమకట్టినట్టుంటుందని వదిన జాగ్రత్తపడింది. అలా జీతం లేకుండా, అందరూ తిని లేచాక వంటింటి గుమ్మం దగ్గర కంచం ముందేసుకుని, ఆయన ఆ ఇంట్లో ఉండిపోయాడు. ఒకసారి సంబంధం కూడా వచ్చింది. పిల్ల తండ్రి వచ్చి, ఆయన చేతుల వంక చాలాసేపు చూశాడు. ముడతలు పడి, తెల్లగా పాలిపోయి, వేళ్ళ కణుపుల దగ్గర పగిలి ఉన్న చేతులు. మళ్ళీ కబురు చేస్తామని చెప్పి వెళ్ళాడు. ఆ కబురు కోసం ఆయన ఎన్నాళ్ళు ఎదురుచూశాడో ఎవరూ అడగలేదు.

ఆయనకీ ఒక పేరుండేది. పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషీ అన్నయ్యే, ఆయన పోయాడు. అన్నయ్య కొడుకు 'బాబాయ్' అంటాడు, పక్కింటివాళ్ళు 'బట్టల బాబాయి' అంటారు. కోడలు కూడా 'బాబాయిగారు' అనే అంటుంది. వరసకి మావయ్యగారూ అనాలి. కానీ మావయ్యగారంటే కూర్చోమనాలి, టీ తాగారా అని అడగాలి. బాబాయిగారితో ఆ బెడద లేదు.

ఇవాళ మాత్రం ఆయనకి ఊరికే ఉతికే రోజు కాదు. కోడలి ఆర్నెల్ల పాప మెడ కింద, చంకల్లో ఎర్రగా దద్దుర్లు లేచాయి. బట్టలు గరుగ్గా ఉన్నాయి, ఒరుసుకుపోతోంది, అన్నాడు డాక్టరు. ఆ రాత్రి ఇంట్లో బాబాయి మాటే నడిచింది. మర్నాడు అన్నయ్య కొడుకు పెరట్లోకి వచ్చి, తడి తగలకుండా చెప్పులు చూసుకుంటూ నిలబడి చెప్పాడు.

"చూడు బాబాయ్, ఈసారి పాప బట్టలు మెత్తగా వచ్చాయా, నీ గది జోలికి రాం. రాకపోతే మెషీను కొనేస్తాం. దాన్ని పెట్టడానికి నీ గది తప్ప వేరే చోటు లేదు. తరవాత నన్ననకు."

"వస్తాయి బాబూ. మెత్తగా వస్తాయి," అన్నాడు బాబాయి.

ఈ అబ్బాయి పొత్తిగుడ్డలు కూడా ఆయన ఉతికినవే. అప్పుడు ఇతనికీ మెడ కింద దద్దుర్లు లేచాయి, కాకపోతే అప్పట్లో డాక్టరు చెమటకాయలన్నాడు. గది అంటే బండని ఆనుకున్న చిన్న షెడ్డు. ఒక మంచం, ఒక కొక్కెం, కొక్కేనికి ఒక చొక్కా. ఒంటి మీద ఇంకొకటి. అది పోతే ఆయనకి పడుకోవడానికి ఈ భూమ్మీద ఇంకో చోటు లేదు. ఆ సంగతి అబ్బాయికీ తెలుసు, అందుకే చెప్పులు చూసుకుంటూ చెప్పాడు.

రాత్రంతా ఆలోచించి, నీళ్ళు ఒకసారి కాదు, రెండుసార్లు కాచి చూద్దామనుకున్నాడు. అదీ ఇవాళ్టి సంగతి.

చెంబు ముంచి పైనీళ్ళు వంచుకుంటూ వంచుకుంటూ గంగాళం అడుగుదాకా వచ్చి, ఆయన ఆగిపోయాడు. అడుగున మడ్డి లేదు. వేలు పెట్టి రాసి చూశాడు. రాగి గోరువెచ్చగా, నున్నగా తగిలింది. రెండుసార్లు కాచడమనేది ఇన్నేళ్ళూ తన బుర్రకి తట్టనందుకు తనని తనే తిట్టుకున్నాడు.

అసలు సంగతి వేరు. వంటింటి గోడ పక్కన నిన్నటిదాకా లేని నీలంరంగు నిలువు డబ్బా ఒకటి ఇవాళ నిలబడి ఉంది. బోరు నుంచి వచ్చే గొట్టం అందులోకి దూరి, రెండో పక్క నుంచి బయటికొచ్చి ట్యాంకులోకి పోతోంది. నీళ్ళలోని సున్నాన్ని పట్టేసి, మెత్తటి నీళ్ళని వదిలే డబ్బా అది. నిన్న సాయంత్రం బాబాయిని దర్జీ దగ్గరికి పంపి, ప్లంబరుని పిలిచి పెట్టించారు. దాచాలని కాదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు, అంతే. పొద్దున్న ఆ డబ్బా బాబాయి కంటపడింది కూడా. వంటింటి పక్కనుంది కాబట్టి వంటకి సంబంధించిందేదో అనుకున్నాడు. వెనకెప్పుడో కొత్త వస్తువొకటి ఇంటికి వస్తే ఇదేమిటని అడిగి, "నీకెందుకు?" అనిపించుకున్నాక ఆయన మళ్ళీ దేన్నీ అడగలేదు.

సోడా వేశాడు, ఎప్పటి కొలతే. ఆగాడు. సబ్బు వేసి చేత్తో గిలకొట్టాడు.

నురగ వచ్చింది. మామూలు నురగ కాదు. మోచేతులు మునిగేదాకా లేచి, తొట్టి అంచు దాటి, బండ మీదుగా కిందికి జారింది. బాబాయి చేతులు పైకెత్తి వాటి వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో తన చేతుల మీద నురగ నిలబడటం ఆయన చూడలేదు. పెదాలు బిగబట్టినా నవ్వు ఆగలేదు. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. ఉంటే చూపించేవాడు.

పాప గౌన్లు, బొంతలు, పొత్తిగుడ్డలు ఒక్కొక్కటే ముంచి, పిసికి, బ్రష్షు తగిలించకుండా అరచేత్తో రుద్దాడు. మురికి అడిగినంతలో వదిలి వచ్చేసింది. ఎక్కడా పెనుగులాట లేదు. ఆయనకి హాయిగానూ ఉంది, కొంచెం భయంగానూ ఉంది.

భయం జాడించేటప్పుడు నిజమైంది. కుళాయి కింద జాడించి, రెండు వేళ్ళ మధ్య పట్టి రుద్ది చూశాడు. జారింది. మళ్ళీ జాడించాడు. జారింది. సోడా ఎక్కువ పడిందేమో అనుకుని తొట్టి పారబోసి కొత్తనీళ్ళు పట్టి జాడించాడు. జారుతూనే ఉంది. ఆ నీళ్ళలో బట్ట ఎంత శుభ్రపడినా వేళ్ళకి అలాగే జారుతుందని ఆయనకి చెప్పేవాళ్ళెవరు? ఆయన వేళ్ళకి కీచుమనే బట్టే తెలుసు. సబ్బు పోని గుడ్డ పాప ఒంటికి తగిలితే దద్దుర్లు రెట్టింపవుతాయి. అప్పుడు గదీ ఉండదు, మాటా ఉండదు. జాడిస్తూనే పోయాడు. వంగీ వంగీ నడుం కొయ్యబారింది. పొద్దుటి నుంచి కడుపులో టీ చుక్క పడలేదు. వీపులో రెండు రెక్కల మధ్య ఒక నొప్పి పట్టి, ఎడమ చేతిలోకి దిగడం మొదలెట్టింది. పిండినందువల్ల అనుకుని చెయ్యి మార్చి పిండాడు.

వంటింటి కిటికీలోంచి కోడలు రెండుసార్లు చూసింది. మూడోసారి కిటికీ తెరిచింది.

"ఎంతసేపు జాడిస్తారు బాబాయిగారూ? ట్యాంకు ఖాళీ అయిపోతోంది."

"సబ్బు వదలట్లేదమ్మా."

"మరి అంత సబ్బు ఎందుకు పోశారు?"

"ఎప్పుడూ పోసేదేనమ్మా."

ఆమెకి ఆ డబ్బా పెట్టినవాడు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇకనుంచి సబ్బు సగం చాలు, సోడా అసలొద్దు అన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ పాప ఏడ్చింది, స్టవ్ మీద ఏదో పొంగింది, కిటికీ మూసేసింది. కాసేపటికి అబ్బాయి అదే కిటికీ దగ్గర నిలబడి, నురగలో మునిగి తేలుతున్న బాబాయిని ఫోనులో వీడియో తీసుకున్నాడు. లోపల నవ్వులు వినిపించాయి. పాపని ఆడిస్తున్నారనుకున్నాడు బాబాయి.

చివరికి కుళాయి ఉత్త గాలి చప్పుడు చేసి ఆగిపోయింది. ఇక జాడించడానికి నీళ్ళు లేవు కాబట్టి బట్టలు శుభ్రపడ్డట్టే అనుకోవలసి వచ్చింది. ఒక్కొక్కటే దులిపి తీగ మీద వేశాడు. ప్రతి దులుపుకీ నొప్పి వీపులోంచి దవడ దాకా పాకింది. అయినా ఒక్కటీ దులపకుండా వెయ్యలేదు.

ఎండ బాగా ఉంది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యేసరికి బట్టలు ఆరాయి. వెళ్ళి ఒక చిన్న గౌను పట్టుకుని చూశాడు. అది ఆయన గుప్పిట్లోకి దూది పింజలా ముడుచుకుపోయింది. వదిలితే జారి విచ్చుకుంది. చెంపకి ఆనించుకున్నాడు. గరుకు లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు వాసన లేదు. తెలుపు చూద్దామంటే కళ్ళలో నీళ్ళు నిండి సరిగా కనపడలేదు. పగిలిన వేళ్ళు గుడ్డకి తగులుకుంటాయేమోనని భయపడుతూ అన్నీ మడతపెట్టి, రెండు చేతుల మీద పెట్టుకుని, ఎప్పుడూ ఆగే వంటింటి గుమ్మం దాటి ముందుగదిలోకి నడిచాడు.

వదిన పడకకుర్చీలో ఉంది. అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. కోడలి ఒళ్ళో పాప.

"చూడండమ్మా," అన్నాడు బాబాయి. "పట్టుకుని చూడండి."

కోడలు పట్టుకుంది. ఆమె మొహం విప్పారింది. గౌనుని పాప బుగ్గకి రాసి, భర్తకి అందించింది.

"బాగా పనిచేస్తోందండీ," అంది.

బాబాయి ఆ మాట తన చెయ్యి గురించే అనుకున్నాడు. "రెండుసార్లు కాచానమ్మా. ఒకసారి కాస్తే సున్నం పూర్తిగా దిగదు. ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇకనుంచి అన్నీ ఇలాగే..."

అబ్బాయి పకపకా నవ్వాడు. మంచివాడే, నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించాడు కూడా. "నువ్వు కాచడం కాదు బాబాయ్. డబ్బా. నీలం డబ్బా చూడలేదూ? నిన్ననే పెట్టించాం. నీళ్ళే మెత్తవి. పచ్చినీళ్ళలో ముంచి తీసినా ఇలాగే వస్తాయి."

బాబాయి చేతుల మీద మిగిలిన బట్టలు అలాగే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు.

"ఇలాంటి డబ్బాలు అప్పట్లోనూ ఉండేవిరా," అంది వదిన, కొడుకుతో, ఏదో పాత ముచ్చట చెప్పినట్టు. "నువ్వు పొత్తిళ్ళలో ఉన్నప్పుడే మీ నాన్న పెట్టిద్దామన్నారు. నీకూ ఇలాగే మెడంతా ఎర్రబడితేనూ. నేనే వద్దన్నాను. దండగ, మరిది ఉన్నాడుగా అన్నాను. ఏం మరిదీ, నిజమే కదా?"

ఆవిడ మాటలో ఏ ద్వేషమూ లేదు. ద్వేషించడానికైనా ఎదుటి మనిషిని కాస్త పట్టించుకోవాలి.

"నిజమే వదినా," అన్నాడు బాబాయి. అబ్బాయి వైపు తిరిగాడు. "మెత్తగా వస్తే గది..."

"అది నువ్వు ఉతికితే వస్తే కదా బాబాయ్. మెషీను సాయంత్రం వచ్చేస్తోంది. డబ్బాతో కలిపే చెప్పేశాం."

అంటే తనకి మాట ఇచ్చేనాటికే మెషీను కొనడం అయిపోయిందన్నమాట. ఆ లెక్క ఆయన బుర్రకి మెల్లగా అందింది. అందాక కూడా మొహంలో ఏమీ మారలేదు. ఆ మొహం ఎన్నో ఏళ్ళుగా అలా ఉండటానికే అలవాటుపడింది.

"మిమ్మల్ని రోడ్డు మీద పడెయ్యంలెండి బాబాయిగారూ," అంది కోడలు. "మా అక్కతో మాట్లాడాను. వాళ్ళదీ బోరు నీళ్ళే, ఇంతకన్నా ఘోరం. వాళ్ళింకా డబ్బా పెట్టించలేదు. మీరొస్తారంటే అక్క ఎంత సంతోషపడిందో. రేపు పొద్దున్న బస్సెక్కిస్తారు ఈయన."

"అలాగేనమ్మా," అన్నాడు. బట్టల్ని టేబులు చివర పెట్టి, ఒరిగిన మడత ఒకటి సరిచేసి, పెరట్లోకి వచ్చేశాడు.

వంటింటి గుమ్మం దగ్గర ఆయన కంచం మూతపెట్టి ఉంది. తినలేదు. ప్రయాణానికి శుభ్రమైన చొక్కా కావాలి కదా అని గదిలోకి వెళ్ళి కొక్కేనికున్న చొక్కా తెచ్చాడు. కుళాయిలో నీళ్ళు లేవు. బండ పక్కన పాత బకెట్టులో నిన్న మిగిలిన నీళ్ళున్నాయి, డబ్బా రాకముందు పట్టినవి. ఆయన చొక్కాకి ఎప్పుడూ దక్కేవి అలా మిగిలిన నీళ్ళే. సబ్బు రాశాడు. నురగ రాలేదు, తెల్లటి తరకలు తేలాయి. రెండు వేళ్ళ మధ్య పట్టి రుద్దాడు. కీచుమంది. ఆ చప్పుడు విన్నాక ఆయన ఒంటరిగా ఏడ్చాడు, చప్పుడు లేకుండా, తువ్వాలు నోట్లో కుక్కుకుని. అడుగున తేరుతున్న మడ్డి ఏదో ఇంకా కదిలిపోతుందన్నట్టు.

చొక్కా పిండి తీగ మీద వేశాడు. దులపడానికి చెయ్యి లేవలేదు. అలాగే వదిలేసి బండ మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా మెషీను వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని పెద్ద అట్టపెట్టెతో సహా మోసుకుంటూ పెరట్లోకి తెచ్చారు. దారిలో బండ మీద ముసలాయన కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"పెద్దాయనా, కాస్త జరగండి," అన్నాడు ముందున్నవాడు. జరగలేదు. "నిద్రలో ఉన్నట్టున్నాడు," అని, బరువు ఆపుకోలేక పెట్టెని ఆయన కాళ్ళ పక్కనే దింపారు. రెండోవాడు లేపుదామని భుజం మీద చెయ్యేశాడు. వేసిన చెయ్యి వెంటనే తీసేసి, లోపలికి వినపడేలా పిలిచాడు.

అబ్బాయి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏడ్చాడు కూడా, ఆ మాట చెప్పాలి. ఆ తరువాత, ఆ మనుషులు మళ్ళీ రావాలంటే ఎప్పటికి కుదురుతుందో ఏమో అని కోడలు గుర్తుచేస్తే, మంచం ఒక్కటీ బయటికి తీయించి, పెట్టెని గదిలో పెట్టించాడు.

మర్నాటికి అన్నీ అయిపోయాయి. సాయంత్రం కోడలు అక్కకి ఫోను చేసింది. ఆయన రావడం కుదరలేదని, ఎందుకు కుదరలేదో చెప్పింది. అవతల నుంచి అక్క అయ్యయ్యో అంది. కాసేపు ఇద్దరూ మంచిమనిషి అనుకున్నారు.

"ఏం చేస్తాం అక్కా," అంది కోడలు. "నువ్వు ఆ డబ్బానే కొనుక్కో. అది అమ్మే షాపు చిరునామా పంపిస్తాను."

గదిలో మెషీను తిరుగుతోంది. పెరట్లో తీగ మీద పాప గౌన్లు చిన్న గాలికే ఎగురుతున్నాయి. వాటి పక్కన, తీసేవాళ్ళు లేక, ఎండి అట్టకట్టిన ఆ చొక్కా ఒక్కటీ కదలకుండా వేలాడుతోంది, పిండినప్పుడు పడ్డ ముడతలు పడ్డట్టే, మోచేతుల దగ్గర కొద్దిగా వంగి.